బొలారమందలి రాష్ట్రపతి నిలయము: రైతులు చూచి తెలిసికొనదగిన సంగతులు

పంట నూర్చి యింటికి జేర్చి, సంఘపు బాకీ చెల్లించిన పిమ్మట రైతునకు కొలది దినములు తీరిక దొరకును. ఆ తీరికలో యాదగిరిగుట్టకో, వేములవాడకో, శ్రీశైలమునకో కుటుంబముతో పోయివచ్చుట మనవారి పరిపాటి. పోవునపుడో, వచ్చునపుడో సికింద్రాబాదు స్టేషనులో దిగి, ఒక దినము పట్టణములోని వింతలు చూచుటయు కలదు. చార్మినారు, గోలకొండకోట, సాలారుజంగు మ్యూజియము అందరు నెరిగినవే. సికింద్రాబాదునకు ఉత్తరముగా బొలారమందున్న రాష్ట్రపతి నిలయమును చూచినవారు మాత్రము మన సభ్యులలో తక్కువ. దానిని గూర్చియు, అట్టి యిండ్లను గూర్చియు కొన్ని సంగతులు ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

అమెరికా దేశమున సెలవు దినములలో కుటుంబములు తమ తొలి అధ్యక్షుల యిండ్లను చూడబోవుట చిరకాలముగా నున్న ఆచారము. ఆ తొలి అధ్యక్షులలో పెక్కురు సేద్యము మీద బ్రతికినవారే. కావున వారి యిండ్లనగా మేడలు మాత్రమే కావు. పొలములు, కళ్ళములు, గాదెలు, పశువుల కొట్టములు, లెక్కల పుస్తకములు కూడ. మనకును అట్టి యిల్లు చేరువలోనే కలదు. అయితే ఏ యింటినైనను గోడలు, కుర్చీలు చూచి మురిసి వచ్చినచో ప్రయోజనము స్వల్పము. ఈ యిల్లు ఎవరి సొమ్ముతో లేచినది, చుట్టునున్న భూమిని ఎవరు దున్నిరి, ఇది నేటిదాక ఎట్లు నిలిచినది అను మూడు ప్రశ్నలు మనసున నుంచుకొని చూచినచో, చూచినదానికి ఫలము దక్కును.

బొలారము పూర్వ వృత్తాంతము

1798లో నిజాము ప్రభుత్వమునకును, ఈస్టిండియా కంపెనీకిని జరిగిన సంధి వలన కంపెనీ సైన్యము హైదరాబాదు చెంత నిలిచినది. ఆ దండు విడిసిన చోటికి 1806లో అప్పటి నిజాము సికందర్ జా పేరు పెట్టిరి. అదియే సికింద్రాబాదు. దానికి ఉత్తరమున మెరక నేలమీద నున్న బొలారము హైదరాబాదు కంటింజెంటు అను మఱియొక సైన్యమునకు దండు స్థలమాయెను. ఈ సైన్యమునకు అధికారులు ఆంగ్లేయులు. జీతములు మాత్రము నిజాము ఖజానా నుండి చెల్లవలెను.

ఇచ్చట మన సభ్యులు గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఆ జీతములు సకాలమున చెల్లక బకాయిపడెను. కంపెనీ తన సొమ్ము నుండి చెల్లించి, ఆ మొత్తమును నిజాము పేర అప్పుగా వ్రాసికొనుచు వచ్చెను. వడ్డీతో గూడి ఆ యప్పు పెరిగి పెరిగి, తుదకు 1853 సంధిలో ప్రత్తి పంటకు పేరుపడిన బేరారు సీమను కంపెనీ వశము చేయవలసివచ్చెను. 1860లో మఱియొక సంధి జరిగి, సుమారు 50 లక్షల రూపాయల బాకీ రద్దుచేయబడి, రాయచూరు, ఉస్మానాబాదు ప్రాంతములు తిరిగి నిజామునకు వచ్చినవి. బేరారు మాత్రము రాలేదు. 1902లో దానిని ఏటికి 25 లక్షల రూపాయలకు శాశ్వతముగా కౌలునకిచ్చిరి. అప్పు తీరినను భూమి చేతికి రాలేదు. పల్లెలో షావుకారు వద్ద తాకట్టు పడిన మడిచెక్క కథ యెట్టిదో, ఈ రాజ్యపు కథయు నట్టిదే, కొలతయే భేదము.

నేడు రాష్ట్రపతి నిలయమని పిలువబడు భవనము ఆ 1860వ సంవత్సరముననే కట్టబడినది. అప్పుడది హైదరాబాదులోని ఆంగ్ల రెసిడెంటునకు పల్లెపట్టు విడిది. రెసిడెంటు యొక్క పెద్ద భవనము పట్టణములో కోఠీ యందుండెను. 1949 నుండి ఆ పెద్ద భవనమున ఆడపిల్లల కళాశాల సాగినది. ఎండ తీవ్రమైనపుడును, విశ్రాంతి కోరినపుడును రెసిడెంటు బొలారమునకు వచ్చెడివాడు. 1947లో ఆంగ్ల ప్రభుత్వముతోపాటు రెసిడెంటు పదవియు అంతరించెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. 1950 జనవరి 26వ తేదీన దేశము గణతంత్రమైన పిమ్మట ఈ యిల్లు రాష్ట్రపతికి దక్షిణ దేశపు విడిదియైనది. పరాయి ప్రభుత్వపు ప్రతినిధి యుండిన యింట, ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధులచే ఎన్నుకొనబడిన రాష్ట్రపతి బసచేయుట సామాన్యమైన మార్పు కాదు.

ఇల్లును, తోటలును

నిలయపు ఆవరణము సుమారు 90 ఎకరములు. అందులో నిల్లు ఆక్రమించిన చోటు కొంచెమే; మిగిలినదంతయు తోటలు, చెట్లు, బాటలు. భవనము ఒకే అంతస్తుది. మేడ కలదని తలంచి పోయినవారికి ఆశ్చర్యము కలుగును. దర్బారు గది, భోజనశాల, ఉదయపు వేళ కూర్చుండు గది మొదలగునవి కలవు. వంటయిల్లు భవనమునకు వేరుగా దూరమున నున్నది. వంటయింటి నుండి భోజనశాలకు నేలక్రింద సొరంగమార్గము కలదు. పొగయు, వేడియు ఇంటిలోనికి రాకుండుటకై చేసిన ఏర్పాటిది. నేడు ఆ సొరంగపు గోడలమీద చేర్యాల చిత్రకారుల పనితనము చూడవచ్చును. దొరల భోజనములు మోసికొనుచు సేవకులు నడిచిన త్రోవలో తెలంగాణపు పల్లె చిత్రములు నిలిచి యుండుట చూడదగినది.

రైతునకు ఎక్కువ ఆసక్తి కలిగించునవి వెలుపలి భాగములు. మామిడి, సపోట, దానిమ్మ, ఉసిరిక, కొబ్బరి తోటలు కలవు. నూరు జాతులకు మించిన మూలికల వనము కలదు. ఇరువదియేడు నక్షత్రములకు ఇరువదియేడు వృక్షములు నాటిన నక్షత్ర వాటిక కలదు. భరణికి ఉసిరిక, కృత్తికకు మేడి, రోహిణికి నేరేడు, పుష్యమికి రావి, మఖకు మఱ్ఱి అని మన పెద్దలు చెప్పుట వాడుక. పిల్లలను వెంటగొని పోయినవారు ఒక్కొక్క చెట్టు పేరును వారిచే చెప్పించిన మేలు. పట్టణములకు చదువబోయిన మన పిల్లలకు నేరేడునకును, మేడికిని భేదము తెలియని దినములు వచ్చుచున్నవి.

అన్నిటికంటె ముఖ్యముగా దిగుడుబావిని చూడవలెను. ఆవరణములోని పాత బావులను ఇటీవల పూడిక తీసి బాగుచేసిరి. వానిలో నొకదానికి జైహింద్ ర్యాంపు అని పేరు పెట్టి, పూర్వపు నీటిపారుదల పద్ధతితో గూడ చూపుచున్నారు. బోరుబావి రాకమునుపు దక్కను రాతినేలలో నీరు దొరకించుకొన్న విధమిదియే. వాననీరు నేలలోనికి దిగి, రాతిపొరల నడుమ నిలిచి, బావిలోనికి ఊరును. బావి ఎండినదనగా చుట్టునున్న నేల వాన నీటిని త్రాగుట మానినదని యర్థము. మన గ్రామములలో పూర్వులు కట్టిన దిగుడుబావులు ఎన్నియో చెత్తతో నిండి యున్నవి. రాష్ట్రపతి యింట పూడిక తీయదగిన బావి, మన యూర పూడిక తీయదగదా? ఒక సంఘపు సభ్యులు మనిషికి నాలుగు దినముల పని యిచ్చినచో ఇట్టి కార్యము చాలవరకు నెరవేరును.

తొలి రాష్ట్రపతులు

తొలి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు 1950 నుండి 1962 వరకు ఆ పదవియందుండిరి. ఆయన పేరు రైతులు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనదగినది. 1884 డిసెంబరు 3న బీహారులోని జీరాదేయి గ్రామమున జన్మించిరి. పాట్నాలో పేరుపొందిన వకీలుగా నుండగా, 1917లో గాంధీగారు చంపారను జిల్లాకు వచ్చిరి. అచ్చటి నీలిమందు తోటల దొరలు, రైతు దున్ను ప్రతి బిఘాలో ఇరువది కఠాలకు మూడు కఠాలు నీలి పైరు వేసి తీరవలెనని నిర్బంధించుచుండిరి. దానిని తీన్‌కఠియా అనిరి. రాజేంద్రప్రసాదుగారును, వారి తోడి వకీళ్లును నెలల తరబడి రైతుల యెదుట కూర్చుండి, ఒక్కొక్కరి వాఙ్మూలమును వ్రాసికొనిరి. వేల కొలది రైతుల మాట కాగితముమీదికి ఎక్కిన పిమ్మట ప్రభుత్వము విచారణ సంఘమును నియమింపక తప్పలేదు. 1918లో చట్టము పుట్టి, తీన్‌కఠియా అంతరించెను. లెక్కయు, వ్రాతయు రైతు పక్షమున నిలిచినపుడు ఎంత బలమో దీనివలన తెలియును. 1946లో ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వమున ఆయనయే ఆహార వ్యవసాయ శాఖల మంత్రి. పదవి విడిచిన పిమ్మట ఆయన పాట్నాలోని సదాకత్ ఆశ్రమమునకు మరలి, 1963 ఫిబ్రవరి 28న అచ్చటనే కన్నుమూసిరి. జీరాదేయిలోని వారి యిల్లు నేడు పురావస్తు శాఖ సంరక్షణలో నున్నది.

రెండవ రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణగారు తెలుగు కుటుంబమువారు. జన్మస్థలము తిరుత్తణి, ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లి గ్రామమును తెలుపును. మూడవ రాష్ట్రపతి జాకిర్ హుసేనుగారు 1897లో హైదరాబాదుననే జన్మించిరి. పిమ్మట వచ్చిన వరాహగిరి వెంకటగిరిగారు బరంపురమున పుట్టిన తెలుగువారు. 1977 నుండి 1982 వరకు రాష్ట్రపతిగా నుండిన నీలం సంజీవరెడ్డిగారు అనంతపురము జిల్లా ఇల్లూరులో రైతు కుటుంబమున పుట్టి, 1956లో ఆంధ్రప్రదేశమునకు మొదటి ముఖ్యమంత్రియైరి. కావున బొలారపు నిలయము మనకు దూరపు దొరల యిల్లు కాదు.

అమెరికాలోని మూడు యిండ్లు

ఇప్పుడు అమెరికా తొలి అధ్యక్షుల యిండ్లను గూర్చి కొంత చెప్పుదుము. పోల్చి చూచినచో మన యింటి సంగతియు స్పష్టమగును.

మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ వర్జీనియా రాష్ట్రమున పోటోమాక్ నదియొడ్డున మౌంట్ వెర్నన్ అను క్షేత్రమున నివసించెను. ఆయన మొదట పొగాకు పండించి లండను వర్తకులకు పంపెడివాడు. ధర వారే కట్టుదురు, సరుకు వారే అమ్ముదురు, కావలసిన వస్తువులు వారే అరువిత్తురు. ఏటేట లెక్క చూడగా రైతు పేర అప్పే మిగులుచుండెను. ఇది గ్రహించి ఆయన 1760 పిమ్మటి సంవత్సరములలో పొగాకు విడిచి గోధుమ పట్టెను. 1771 ప్రాంతమున సొంత పిండిమర పెట్టెను. పైరు మార్పిడి చేసెను. పేడను వృథా కానీయక కప్పుగల గుంటలో నిలువచేయించెను. పదునారు మూలల కళ్ళపు కొట్టము కట్టించి, లోపల గుఱ్ఱములచే గోధుమ త్రొక్కించెను. పలకల సందులనుండి గింజ క్రింది యంతస్తునకు రాలును. మనము ఎడ్లను బంతి గట్టి త్రొక్కించు పద్ధతియే అది. వానకు తడియకుండ పైకప్పును, మట్టి కలియకుండ చెక్కనేలయు చేర్చిరి. ఆ కొట్టమువంటిది మరల కట్టి నేడు చూపుచున్నారు.

ఆ పొలములను దున్నినదెవరు? బానిసలు. 1799లో ఆయన మరణించు నాటికి ఆ క్షేత్రమున 317 మంది బానిసలుండిరి. తనకు సొంతమైనవారిని విడుదల చేయవలెనని ఆయన మరణశాసనమున వ్రాయగా, 1801 జనవరి 1న వారికి స్వేచ్ఛ కలిగెను. తక్కినవారికి ఆ భాగ్యము కలుగలేదు. నేడు మౌంట్ వెర్ననులో బానిసల గుడిసెలను, వారి సమాధిస్థలమును గూడ చూపుచున్నారు. అది ఉచితమైన పని. మేడ చూపి గుడిసె దాచినచో కథ సగమే.

మూడవ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ గారి మాంటిచెల్లో కథ మన సంఘ సభ్యులు మఱింత శ్రద్ధగా వినవలెను. ఆయన గొప్ప విద్వాంసుడు. మట్టిని తేలికగా తిరుగవేయు నాగలి ఱెక్కను కనిపెట్టినవాడు. ఆయన అల్లుడు వాలునకు అడ్డముగా దున్ని మన్ను కొట్టుకొనిపోకుండ చేయు పద్ధతిని అవలంబించెను. కాని జెఫర్సనుకు అప్పులు ఎక్కువ. అది చాలక, 1818లో తన మనుమని మామగారికి 20,000 డాలర్ల మొత్తమునకు జామీనుగా చేవ్రాలు చేసెను. మఱుసటియేట ఆ మిత్రుడు దివాలా తీయగా, బరువంతయు జామీనుదారుమీద పడెను. 1826 జూలై 4న ఆయన మరణించునప్పటికి అప్పు లక్ష డాలర్లు మించెను. 1827 జనవరిలో ఇంటి సామాను, పశువులు, 130 మంది బానిసలు వేలమున పోయిరి. తల్లి యొకచోటికి, బిడ్డ యొకచోటికి అమ్ముడుపోయినారు. 1831లో ఇల్లును చేయి మారెను. యజమాని చేసిన చేవ్రాలునకు ఫలమనుభవించినవారు ఆ చేవ్రాలును చదువనైన నేరని నిర్భాగ్యులు. జామీను వ్రాయుట మొగమాటమునకు చేయదగిన పని కాదని ఇంతకంటె ఎవరు చెప్పగలరు?

రెండవ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ మాసచూసెట్స్ రాష్ట్రములో క్విన్సీ గ్రామమున సామాన్యపు రైతుటింట నుండెను. బానిసలను ఎన్నడును ఉంచుకొనలేదు. ఆయన మరణించినదియు 1826 జూలై 4వ తేదీయే. ఆయన యిల్లు వేలమునకు రాలేదు. వంశస్థులు నాలుగు తరములు కాపాడి 1946లో దేశమునకు అప్పగించిరి.

మౌంట్ వెర్నన్ నిలిచిన విధము సహకార సభ్యులకు ప్రియమైనది. వాషింగ్టన్ వంశస్థుల చేతిలో ఆ యిల్లు శిథిలమగుచుండగా, ప్రభుత్వము కొనలేదు. 1853లో ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ అను స్త్రీ, దేశమందలి స్త్రీలను కూడగట్టి ఒక సంఘమును స్థాపించెను. ఊరూర చిన్న చిన్న చందాలు పోగుచేసి, రెండు లక్షల డాలర్లకు ఇంటిని, 200 ఎకరములను 1858లో బేరమాడి, 1860లో స్వాధీనము చేసికొనిరి. నేటికిని ఆ సంఘమే ప్రభుత్వపు సొమ్ము గైకొనక దానిని నడుపుచున్నది. బొలారమున రెసిడెంటు విడిది లేచిన యేటనే, అచ్చట స్త్రీల సంఘము చందాలతో ఒక యింటిని నిలుపుకొన్నది. కొలది సొమ్ము పెక్కురు చేర్చినచో, ఒక్క ధనికుడు చేయలేని పని యగునను మన సంఘ సూత్రమునకు ఇంతకంటె తార్కాణము వలదు.

పోగోరువారికి సూచనలు

చాల కాలము బొలారపు నిలయమును ఏటికి కొలది దినములు మాత్రమే ప్రజలకు తెరచెడివారు. 2023 మార్చి 22న ఉగాదినాటి నుండి సంవత్సరమంతయు చూచుటకు అనుమతి కలిగెను. సోమవారములును, ప్రభుత్వ సెలవు దినములును మూసియుండును. రాష్ట్రపతి బసచేయు దినములలోను ప్రవేశముండదు. ఆ బస సాధారణముగా చలికాలమున జరుగును గనుక డిసెంబరు ప్రాంతమున పోదలచినవారు ముందుగా విచారించుకొనవలెను. ప్రవేశమునకు స్వల్పమైన రుసుము కలదు. గుర్తింపు కార్డు వెంటనుంచుకొనుట మేలు. సికింద్రాబాదు నుండి బొలారమునకు రైలుబండియు, సిటీ బస్సులును కలవు. నడచి చూడవలసిన చోటు గనుక ముసలివారు ఎండ ముదురకమునుపే పోవలెను.

ఒక్కొక్కరు వేరువేరుగా పోవుటకంటె సంఘము పక్షమున పది పదునైదు కుటుంబములు కలిసి పోయినచో ఖర్చు తగ్గును. ఉదయము నిలయము చూచి, మఱునాడు రాజేంద్రనగరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు పోయినచో విత్తనముల సంగతులును తెలియును. ఈ ప్రయాణమునకై ఎవరును అప్పు చేయరాదు. పంట చేతికి వచ్చినపుడు నెలకు కొంత చొప్పున పొదుపు పద్దున వేసికొని పోవలెను. అప్పు చేసి పోయి, అప్పుచే చెడిన యింటి కథ విని వచ్చుట పరిహాసాస్పదము గదా.

తిరిగి వచ్చినవారు సంఘ సమావేశమున తాము చూచినదానిని నలుగురికి చెప్పవలెనని కోరుచున్నాము. బావిలో నీరెంత యున్నదో, ఏ చెట్టు ఏ నేలలో బాగుగా పెరిగినదో, ఆ తొంబది యెకరములలో మన యూరికి పనికివచ్చునదేదో చెప్పినచో, పోలేనివారికిని ఆ యాత్రాఫలము దక్కును. మన గ్రామమందలి పాత దిగుడుబావికి పూడిక తీయుటకు అట్టి సమావేశముననే పేర్లు వ్రాయించుకొన్నచో మఱింత సంతోషము.